డేగమ్మ ఎడమ కన్ను

మిల్లులో ఆమెను అందరూ డేగమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. నేసిన గుడ్డ బయటికి వెళ్ళేముందు ఆఖరున ఆమె బల్ల మీదుగా దిగాలి. ఏటవాలుగా ఉండే పెద్ద గాజుబల్ల, దాని అడుగున తెల్లటి ట్యూబులైట్లు, పైనున్న రోలరు నుంచి జారుతూ వచ్చే గుడ్డ. తెగిన పడుగు పోగు, జారిన పేక, ముడి, నూనె మరక, ఏది కనిపించినా కాలి కింద మీట తొక్కి గుడ్డను ఆపాలి. తప్పున్న చోట అంచుకు ఎర్రదారం ముక్క కట్టి మళ్ళీ మీట వదలాలి. కొత్తగా చేరినవాళ్ళు వారం తిరక్కుండానే కళ్ళు మండుతున్నాయని ఇంకో సెక్షనుకు మార్పించుకునేవారు. డేగమ్మ మాత్రం పెళ్ళయిన ఏడాది చేరింది, కూతుర్ని కన్నది, పెంచింది, పెళ్ళి చేసి పంపించింది, ఆ బల్ల ముందు నుంచి మాత్రం కదల్లేదు. కళ్ళలో వత్తులు వేసుకుని చూడటమంటే ఏమిటో ఆమెను చూపించి చెప్పేవాడు మేస్త్రీ.

ఇల్లు రెండంతస్తులది. కింద డేగమ్మ, భర్త, అత్తగారు. పైన మరిది, చిన్నకోడలు. వాళ్ళకు పిల్లలు లేరు. చిన్నకోడలు జిరాక్సు షాపులో పనిచేసేది. నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోలేదు, నవ్వితే వీధి చివరికి వినబడేది. అత్తగారి మంచం కింది వాటాలో, ఆవిడ చూసే టీవీ పై వాటాలో. అందుచేత ఆవిడ రోజంతా మెట్ల మీదే ఉన్నట్టుండేది.

డేగమ్మ భర్త బస్సు డిపోలో మెకానిక్కు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం డ్యూటీకి వెళ్ళి, బస్సు కిందనుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. డిపో మేనేజరు మిల్లుకు ఫోను చేస్తే మేస్త్రీ వచ్చి మీట మీద తన కాలు పెట్టి గుడ్డను ఆపాడు. అంత పొడుగు మనిషి ఆ గుడ్డ అంచునే చూస్తూ నిలబడ్డాడు.

అంతా అయిపోయిన కొన్నాళ్ళకు అత్తగారు మాటల్లో అనేశారు. “ఆ పొద్దున ఛాతీలో మంటగా ఉందన్నాడే. మెట్ల దగ్గర చిన్నది మాత్రిస్తే వేసుకుని వెళ్ళాడు.”

డేగమ్మ మెట్లెక్కి పైకి వెళ్ళింది. చిన్నకోడలు బట్టలు మడతపెడుతోంది.

“ఆ రోజు ఆయనకు మాత్రిచ్చావా?”

“ఇచ్చానక్కా. గ్యాసు మాత్ర. బావగారే గ్యాసు పట్టేసిందన్నారు, అందుకని నేను...”

మిగతాది వినకుండానే డేగమ్మ దిగి వచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. తిట్టుకోలేదు, తలుపులు ధడాలున వేసుకోలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. మాట ఆగిపోయింది, అంతే. ట్యాంకు నిండినా, కరెంటు మనిషి వచ్చినా, కబురు మోయవలసింది అత్తగారే. డేగమ్మ “మోటారు ఆపమనండి” అంటే ఆవిడ సగం మెట్లెక్కి, “మోటారు ఆపమంటోంది, కాస్త కోపంగానే ఉంది” అని తన వంతు కలిపి అందించేవారు.

భర్త పోయాక డేగమ్మ త్వరగానే పనిలోకి వెళ్ళింది. ధైర్యవంతురాలని మెచ్చుకున్నారు. గుండె రాయి చేసుకుందన్నారు. ఆమె రెండింటికీ తలూపింది. పొద్దున లేచేది, స్టవ్వు వెలిగించేది, బస్సెక్కేది, గుడ్డ చూసేది. అన్నం ఉప్పగా ఉందో చప్పగా ఉందో అత్తగారు చెప్తేనే తెలిసేది. కూతురు ఫోను చేసి “ఎలా ఉన్నావమ్మా?” అంటే “ఉన్నాను” అనేది. అబద్ధం కాదు గనక కూతురికి కూడా అందులో పట్టుకోవడానికేమీ దొరికేది కాదు.

అలాంటి రోజుల్లోనే ఆమెకు సర్పి వచ్చింది. నుదుటికి ఎడమవైపు, కనుబొమ మీదుగా, ముక్కు దాకా పొక్కులు లేచాయి. నిప్పు కణికలు పరిచినట్టు మండింది. మందులు వాడితే పొక్కులు మాడి, మచ్చలు మిగిలాయి. మంట తగ్గింది, మళ్ళీ పనిలోకి వెళ్ళింది.

ఒకరోజు మేస్త్రీ ఒక తాను భుజాన వేసుకొచ్చి ఆమె పక్కన దించాడు.

“కొన్నవాళ్ళు తిప్పి పంపారు డేగమ్మా. చూడు.”

గుడ్డ విప్పాడు. ఎడమ అంచు పొడుగునా నూనె చుక్కలు. చిన్నపిల్లకు కూడా కనబడేటంత చుక్కలు.

“ఇది నా బల్ల మీంచే వెళ్ళిందా?”

“ముద్ర నీదే.” మేస్త్రీ గొంతు తగ్గించాడు. “ఒంట్లో బాగుండటం లేదా?”

“బాగానే ఉంది.”

పక్కబల్ల ఆవిడ వచ్చి డేగమ్మ గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. “నీ కంట్లో పోగుంది కదే. నల్లగుడ్డు మీదే పడుంది. గుచ్చుకోవట్లేదూ?”

“లేదు.”

“లేదేమిటి, ఇంత పొడుగుంది! కన్ను చూడబోతే చింతనిప్పులా ఉంది. ఎన్నాళ్ళయింది?”

డేగమ్మకు తెలియదు. కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు కొట్టుకుంటే పోగు ఊడి బుగ్గ మీదికి జారింది. జారినప్పుడు బుగ్గకు తెలిసింది గానీ కంటికి తెలియలేదు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న మనిషి, మాట మెత్తన. నారింజరంగు మందు ఒక చుక్క వేసి, గడ్డం పెట్టుకునే యంత్రం ముందు కూర్చోబెట్టి, నీలం వెలుతురు వేసింది. తర్వాత అదే బొమ్మను తెర మీద చూపించింది. నల్లటి గుండ్రం మధ్యలో పచ్చగా మెరిసే మడుగు.

“పచ్చగా కనబడేదంతా పుండేనమ్మా. కంటి పైపొర ఊడిపోయింది.”

“నొప్పి లేదండీ.”

“నొప్పుంటే మీరు ఎప్పుడో వచ్చుండేవారు. సర్పి వచ్చినప్పుడు కంటికి స్పర్శ తెలిపే నరం దెబ్బతింది. స్పర్శ లేకపోతే రెప్ప సరిగ్గా పడదు, నీళ్ళూ ఊరవు. కంటి మీద ఎప్పుడూ పల్చటి నీటిపొర ఒకటుండాలి. అది ఆరిపోతే కింద ఉన్నది కూడా చెడిపోతుంది.”

కింది రెప్పలో సన్నటి కాగితం పేలిక తగిలించి కాసేపు ఉంచారు. అది దాదాపు పొడిగానే బయటికి వచ్చింది. ఆ తర్వాత డాక్టరమ్మ పెన్నులాంటి దాని చివరనున్న సన్నటి నైలాను పోగును చూపించింది. “దీన్ని నల్లగుడ్డుకు ఆనిస్తాను. తగలగానే చెప్పండి.”

డేగమ్మ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు.

“మొదలుపెట్టండి,” అంది.

“అయిపోయిందమ్మా,” అంది డాక్టరమ్మ.

కుడి కంటికి ఆనించగానే మాత్రం తల వెనక్కి విసిరినట్టు పోయింది.

మామూలు చుక్కల మందు కొన్ని వారాలు వాడి చూశారు. పుండు మూతపడలేదు. ఇలాగే ఉంటే నల్లగుడ్డుకు చిల్లు పడవచ్చని, రెప్పల్ని కొంతమేర కలిపి కుట్టెయ్యడం ఒక దారి అని, ఇంకో దారి కూడా ఉందని డాక్టరమ్మ చెప్పి, ఆ రెండోదాని సంగతి వివరించమని పరిశోధన చూసే అమ్మాయి దగ్గరికి పంపింది.

ఆ అమ్మాయి గది చిన్నది, కిటికీ లేదు, గోడ నిండా కళ్ళ బొమ్మలు. ఓపికగా చెప్పింది. మనిషి రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపురంగు నీరు కన్నీటికి చాలా దగ్గరగా ఉంటుంది. దాన్ని ఉప్పునీటితో పల్చన చేసి కంట్లో వేస్తే ఇలాంటి పుండ్లు మూతపడుతున్నాయి. మామూలుగా ఎవరి రక్తం వాళ్ళకే వాడతారు. ఇంట్లో ఇంకొకరి రక్తంతో చేసినదీ అంత బాగా పనిచేస్తుందా అని ఇప్పుడు చూస్తున్నారు. చేరడం, మానడం మీ ఇష్టం, మధ్యలో మానేసినా వైద్యం ఆగదు.

“నాదే తీసుకోండి,” అంది డేగమ్మ.

పరీక్ష చేస్తే ఆమెకు రక్తం తక్కువగా ఉంది, తీసేందుకు పనికిరాదన్నారు. బంధువుల్లో గ్రూపు కలిసినవాళ్ళు, మళ్ళీ కావలసి వస్తే రాగలిగినవాళ్ళు ఒకరు కావాలి. కూతురు చంటిపిల్లకు పాలిస్తోంది, కుదరదు. మరిదికి ఇన్సులిన్, కుదరదు.

“నాది తీసుకోమను,” అన్నారు అత్తగారు.

“మీ వయసులో తీసుకోరత్తయ్యా.”

“ఏం, వయసైతే రక్తం పులిసిపోతుందా?”

అలా అంటూనే ఆవిడ పైకి ఎక్కారు. టీవీ చూడకుండానే దిగి వచ్చారు. “పైది ఇస్తానంటోంది. దానిదీ నీ గ్రూపేనట.”

“వద్దని చెప్పండి.”

అత్తగారు మంచం మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నారు. “నేను చెప్పను. కావాలంటే నువ్వే ఎక్కి చెప్పు.”

రెండేళ్ళలో ఆవిడ కబురు మోయనన్నది అదే మొదటిసారి. డేగమ్మ మెట్ల వైపు చూసింది. ఎక్కలేదు. ఎక్కి వద్దని చెప్పాలన్నా మాట్లాడాలి గదా. కాబట్టి వద్దన్న మాట పైకి చేరనే లేదు. మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరిన రోజు గేటు దగ్గర చిన్నకోడలు సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. బస్సులో ముందు సీటులో ఒకరు, వెనక సీటులో ఒకరు కూర్చున్నారు.

“ఈవిడ మీకేమవుతారు?” అని అడిగింది పరిశోధన అమ్మాయి.

డేగమ్మ గోడ మీది కళ్ళ బొమ్మల వైపు తిరిగింది. “తోడికోడల్ని,” అంది చిన్నకోడలు.

“అంటే రక్తసంబంధం లేదన్నమాట.”

“సంబంధం లేదండీ. రక్తం మాత్రం బోలెడుంది, తీసుకోండి.”

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. గ్రూపు కలిస్తే, జబ్బులేవీ లేకపోతే చాలంది. పరీక్షలన్నీ సరిపోయాయి. రక్తం తీసే రోజున అంత నోరున్న మనిషి సూది కనబడగానే మాట పడిపోయి, సగంలో కళ్ళు తేలేసింది. నర్సు మంచం కాళ్ళవైపు ఎత్తింది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న డేగమ్మకు ఆ తెల్లబడిన మొహం కనిపించింది. చూస్తూ నిలబడింది. లోపలికి వెళ్ళాలని గానీ బయటికి పోవాలని గానీ అనిపించలేదు.

తర్వాత వెళ్ళినప్పుడు ఐసు పెట్టెలో పెట్టి సీసాలిచ్చారు. వేలెడేసి సీసాలు, లోపల లేత పసుపు నీరు. ఫ్రీజర్లో గట్టిగా గడ్డకట్టి ఉండాలి, ఒక్కొక్కటే తీసి వారం వాడి, మిగిలింది పారబోయాలి. కింద వాటాలో ఉన్న ఫ్రిజ్జు ముసలిది, దాని ఐసుగదిలో నీళ్ళు చల్లబడితే గొప్ప. పైన ఉన్నది కొత్తది. సీసాలు పైకెళ్ళాయి. అందుచేత వారానికోసారి డేగమ్మ మెట్లెక్కవలసి వచ్చింది.

“తలుపు తీసే ఉందక్కా.”

డేగమ్మ లోపలికి వచ్చి, ఫ్రీజరు తెరిచి, సీసా తీసుకునేది.

“కూర్చో, టీ పెడతాను.”

“పనుంది.”

రెండేళ్ళ తర్వాత చిన్నకోడలితో ఆమె అన్న మొదటి మాట అది. మరుసటి వారమూ అదే మాట. చిన్నకోడలు ఆ ఒక్క మాటకే తృప్తిపడ్డట్టు తలూపేది.

మిల్లులో మేస్త్రీ ఆమెను గాజుబల్ల నుంచి శాంపిళ్ళ గదికి మార్చాడు. గుడ్డను చదరంగా కత్తిరించి అట్టలకు అంటించే పని. దూదిపోగులు ఎగరవు, కిటికీ ఉంది. సీసాను ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, గంటగంటకూ తల వెనక్కి వంచి ఒక చుక్క వేసుకునేది. చుక్క కంట్లో పడిందో లేదో తెలిసేది కాదు. బుగ్గ మీదికి కారితే పడినట్టు లెక్క. ఒకసారి అలా కారుతున్నప్పుడు ప్యాకింగ్‌లో కొత్తగా చేరిన మనిషి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. “ఊరుకోండి. అందరికీ ఉండేవే.”

“మందు,” అంది డేగమ్మ.

“అయ్యో, మందా,” అని ఆ మనిషి చెయ్యి తీసేసింది. ఎందుకో కొంచెం నిరాశపడినట్టు కనిపించింది.

ఆసుపత్రిలో ప్రతిసారీ అదే వరస. నారింజ చుక్క, నీలం వెలుతురు, కాగితం పేలిక, నైలాను పోగు. పచ్చటి మడుగు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతోందని డాక్టరమ్మ చూపించింది. డేగమ్మ తెర వైపు చూసి “మంచిదండీ” అంది. ఇంకెవరి కంటి సంగతో విన్నట్టే అనిపించింది ఆమెకు. పోగు పరీక్షలో మాత్రం మార్పు లేదు. “తగిలిందా?” అని అడిగినప్పుడల్లా, ఎదురుగా కూర్చున్న చిన్నకోడలు గట్టిగా తల ఊపుతూ అవునని చెప్పమని సైగ చేసేది.

“మీరలా సైగ చేయకూడదండీ,” అంది పరిశోధన అమ్మాయి. “అలా చేస్తే లెక్క తప్పిపోతుంది.”

“తగలాలని కదా మనం చూసేది?”

“తగిలితేనే తగిలిందని రాయాలి.”

చిన్నకోడలు గది బయటికి వెళ్ళి కూర్చోవలసి వచ్చింది. తలుపు సందులోంచి తొంగిచూసి మళ్ళీ చీవాట్లు తిన్నది.

అంతా సవ్యంగా సాగుతుండగా అత్తగారికి పని చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. పెద్దది కన్నుతో బాధపడుతోంది, చిన్నది రక్తమిచ్చి నీరసపడింది, తాను మాత్రం కాళ్ళు చాపుకుని టీవీ చూస్తోంది. ఇద్దరూ పనికి వెళ్ళిన ఒకరోజు ఆవిడ పైనున్న ఫ్రిజ్జు ప్లగ్గు పీకి, తలుపులు బార్లా తీసి, లోపలంతా సబ్బునీళ్ళతో తుడిచారు. సీసాలు జాగ్రత్తగా తీసి కిటికీ అరుగు మీద వరసగా పెట్టారు. ఎండ పడే కిటికీ అది. ఆ తర్వాత నడుం నొప్పెట్టి నిద్రపోయారు.

సాయంత్రం చిన్నకోడలి అరుపు కింద వాటాలోకి వినబడింది. డేగమ్మ పైకి వెళ్ళేసరికి చిన్నకోడలు సీసాల ముందు నేల మీద కూర్చుని ఏడుస్తోంది. అత్తగారు చీపురు పట్టుకుని మూలన నిలబడ్డారు. ఎప్పుడూ అంత చిన్నగా కనిపించలేదు ఆవిడ.

“అన్నీ పోయాయక్కా. కరిగి నీళ్ళయి వేడెక్కిపోయాయి. ఈవిడ్నేమనాలో చెప్పు.”

“నాకేం తెలుసే,” అన్నారు అత్తగారు. “శుభ్రం చేద్దామనుకున్నా.”

డేగమ్మ ఒక సీసా చేతిలోకి తీసుకుంది. ఆసుపత్రికి ఫోను చేసింది. వాడొద్దన్నారు, పారబోయమన్నారు. సింకు దగ్గర నిలబడి ఒక్కొక్క మూత తీసి వంపింది. పసుపు నీరు సబ్బు నురగలో కలిసి పోయింది. ఆఖరి సీసా అయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, వెనక్కి తిరిగింది. చిన్నకోడలి వైపు చూసింది.

“మళ్ళీ ఇస్తావా?”

చిన్నకోడలు ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. రెండేళ్ళలో పెద్దది తనను అడిగిన మొదటి మాట.

“ఆ సూదేగా,” అంది చివరికి. “ఇస్తాలే. కానీ నువ్వు లోపలికి రావాలి. గుమ్మం దగ్గర నిలబడితే కుదరదు.”

“వస్తా.”

అత్తగారు చీపురు గోడకు ఆనించి, ఎవరినీ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

రక్తం తీసే గదిలో నర్సు ఈసారి ముందే జాగ్రత్తపడింది. చిన్నకోడల్ని పడుకోబెట్టి, డేగమ్మకు స్టూలు వేసింది. “ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండమ్మా. సూది వైపు చూడనివ్వకండి.”

ఏం మాట్లాడాలి? డేగమ్మ కాసేపు తన చేతుల్ని చూసుకుంది. సూది దిగింది. చిన్నకోడలి పెదాలు తెల్లబడుతున్నాయి.

“గుడ్డలో ముడి రెండు రకాలు,” అంది డేగమ్మ.

“ఏంటి?”

“ముడి. ఒకటి నూలు వడికినప్పుడే వస్తుంది. ఇంకోటి మగ్గం మీద పోగు తెగితే కట్టేది. చేత్తో తడిమితే రెండూ ఒకటే. వెలుతుర్లో పెడితే తేడా తెలుస్తుంది.”

“ఏం తేడా?”

“కట్టిన ముడికి తోకలుంటాయి.”

చిన్నకోడలు పకపకా నవ్వింది. నర్సు చెయ్యి కదపొద్దంది. డేగమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. జారిన పేక సంగతి, నూనె మరకను సుద్దపొడితో తీసే సంగతి, తుప్పు మరక ఏం చేసినా పోని సంగతి. తన గొంతు అంతసేపు వినడం ఆమెకే వింతగా ఉంది. ఎవరో పాఠం అప్పజెప్తున్నట్టుంది.

నవ్వు తగ్గాక చిన్నకోడలు పైకప్పు వైపు చూస్తూ అంది.

“గుండె అని నాకు తెలీదక్కా. మెట్ల మీద కూర్చుని ఛాతీ రాసుకుంటున్నారు. గ్యాసు పట్టేసింది, మాత్రుందా అన్నారు. ఆసుపత్రికి వెళ్దాం బావగారూ అనాలని తోచలేదు. రోజూ అదే అనుకుంటా.”

సంచీలోకి రక్తం సన్నగా దిగుతోంది. దాన్ని అటూ ఇటూ ఊపే చిన్న యంత్రం టకటకమంటోంది. డేగమ్మ ఆ మాట కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తోందో, అది రాకూడదని ఎదురుచూస్తోందో ఆమెకు తెలియలేదు. విన్నాక లోపల ఏదో తెగుతుందనుకుంది. తెగలేదు. నిలబడి ఉన్న నీళ్ళలా ఉంది.

“మెట్ల మీద ఎక్కడ?” అంది.

“ఎక్కడంటే?”

“ఎన్నో మెట్టు మీద కూర్చున్నాడు?”

“కింద నుంచి మూడోదో నాలుగోదో. బూట్లు పక్కన పెట్టుకుని.”

“బూట్లు వేసుకోలేదా?”

“మాత్ర మింగాక వేసుకున్నారు. నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయన్నారు.”

డేగమ్మ తలూపింది. ఆ పొద్దున ఆయన కంటే ముందే తాను షిఫ్టుకు వెళ్ళిపోయింది. ఆయన బూట్లు వేసుకోవడం, నీళ్ళు చల్లగా ఉన్నాయనడం, ఇవేవీ ఆమె దగ్గర లేవు. ఇప్పుడు వచ్చాయి.

“ఎవరికీ తెలీదు,” అంది. “డిపోలో అంతమంది ఉన్నారు. వాళ్ళకీ తెలీలేదు.”

చిన్నకోడలి రెండు కళ్ళ నుంచీ నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. చెయ్యి కదపకూడదు గనక తుడుచుకోలేక అలాగే పడుకుంది. డేగమ్మ తన కోసం తెచ్చుకున్న దూది తీసి తుడిచింది. కంటి డాక్టరు నేర్పినట్టే, లోపలి మూల నుంచి బయటికి, ఒక్కసారికి ఒక్క ముక్క. నర్సు వచ్చి సూది తీసి బిస్కట్లు ఇచ్చింది. ఈసారి చిన్నకోడలు స్పృహ తప్పలేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసిపోయారని చెప్పడానికి లేదు. మాట్లాడుకున్నారు. ట్యాంకు నిండిందంటే డేగమ్మ తనే మెట్ల దగ్గర నిలబడి కేకేసేది. మొదట్లో అత్తగారికి అది నచ్చలేదు. “నాకు చెప్తే చెప్పనా?” అని సణిగేవారు. సీసా కోసం పైకి వెళ్ళినప్పుడు డేగమ్మ కొన్నిసార్లు టీ తాగేది, కొన్నిసార్లు పనుందనేది. పనున్నా లేకపోయినా అలా అనే రోజులుండేవి, చిన్నకోడలు కూడా బలవంతం చేసేది కాదు.

పుండు మూతపడింది. పచ్చటి మడుగు ఒకసారి గింజంతకు తగ్గింది, తర్వాతిసారి అసలు లేదు. మూతపడ్డ చోట తెల్లటి మచ్చ మిగిలింది. ఆ కంటితో చూస్తే అన్నీ ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టుండేవి. గాజుబల్ల పనికి ఇక కుదరదని డాక్టరమ్మ చెప్పింది. మేస్త్రీకి ఆ మాట చెప్తే, “శాంపిళ్ళ గదికి నువ్వే పెద్ద” అని, ఆమె కత్తెరకు నూనె వేసిచ్చాడు. డేగ అన్న పేరు మాత్రం మార్చలేదెవరూ.

పరిశోధనలో ఆమె వంతు ముగిసే రోజున డాక్టరమ్మ మళ్ళీ నైలాను పోగు తీసింది. చిన్నకోడలు బయట బెంచీ మీద ఉంది.

“తగిలిందా?”

“లేదండీ.”

డాక్టరమ్మ పోగును పొట్టి చేసింది. పొట్టిదైతే గట్టిగా తగులుతుంది. “ఇప్పుడు?”

“లేదు.”

ఇంకా పొట్టి చేసింది. డేగమ్మ ఎదుటి గోడనే చూస్తూ కూర్చుంది. రెప్ప కొంచెం అదిరింది.

“ఏదో ఉంది,” అంది.

“నొప్పిగా ఉందా?”

“నొప్పి కాదు. దూరంగా ఎవరో తలుపు మీద వేలు పెట్టినట్టుంది.”

డాక్టరమ్మ ఆ పోగు పొడవు రాసుకుంది. ఇంతకంటే పెరగవచ్చు, పెరగకపోవచ్చు అంది. కంట్లో ఏం పడినా తెలియదు గనక రోజూ పొద్దున అద్దంలో చూసుకోవాలి, గుర్తుపెట్టుకుని రెప్పలు వేయాలి, బయట అద్దాలు పెట్టుకోవాలి. డేగమ్మ అన్నింటికీ సరేనంది.

పరిశోధన అమ్మాయి వాళ్ళిద్దరితో చెయ్యి కలిపింది. అందరి కళ్ళ లెక్కలూ చేరాక ఫలితం అచ్చులో వస్తుందని, పేర్లుండవని చెప్పింది.

“నా రక్తం సంగతి రాస్తారా?” అని అడిగింది చిన్నకోడలు.

“దాత అని రాస్తాం.”

“తోడికోడలని రాయరా?”

“అలా రాయడానికి చోటు లేదండీ. కుటుంబ సభ్యులు అని ఉంటుంది.”

“అందులో అక్క కూడా ఉంటుంది, అత్త కూడా ఉంటుంది. నేనెవరో ఎలా తెలుస్తుంది?”

“వాళ్ళకు తెలియాల్సిన పని లేదులే,” అంది డేగమ్మ. “పద, బస్సు పోతుంది.”

బస్సు పోయింది. ఆసుపత్రి ముందు పేవ్‌మెంటు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఎడమవైపు నుంచి వచ్చేవాళ్ళు మసకగా కనబడటంతో డేగమ్మ భుజం ఒకరికి తగిలింది, తర్వాత ఇంకొకరికి. చిన్నకోడలు జిరాక్సు షాపు యజమానిని తిడుతూ, మధ్యలోనే ఆమె వెనకనుంచి తిరిగి ఎడమవైపుకు వచ్చి, అక్కడినుంచి తిట్టడం కొనసాగించింది. ఇద్దరూ స్టాపు దాకా నడిచి, తర్వాతి బస్సు వచ్చేదాకా నీడలో నిలబడ్డారు. అది కూడా నిండుగానే వచ్చింది. ఎక్కారు.